ముఖం ఎవరిది?

2020 ఏప్రిల్‌లో తెలుగు పత్రికల్లో వార్తలు రాసే మాకు ఒక చిన్న చిక్కు వచ్చిపడింది. ముక్కునీ నోటినీ కప్పుకునే గుడ్డను తెలుగులో ఏమనాలి? 'ముసుగు' అనే మాట ఉండనే ఉంది. పాత మాట, అందరికీ తెలిసిన మాట. కాని దాన్ని ఎవరూ వాడలేదు. ఏ పత్రికలోనూ కూర్చుని తీర్మానం చేసింది లేదు. అయినా అందరూ 'మాస్కు' అనే రాశారు. ఎందుకంటే తెలుగులో ముసుగు వేసుకునేవాడు దొంగ. 'ముసుగు దొంగల బీభత్సం' అని ఎన్ని హెడ్డింగులు పెట్టి ఉంటామో లెక్కలేదు. ఎవడి మోసమైనా బయటపడితే 'ముసుగు తొలగింది' అంటాం. అలాంటి మాటను డాక్టర్లు చెప్పిన గుడ్డకు పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఉర్దూ పత్రికలదీ అదే తంతు. 'నఖాబ్' అనే మాట చేతికందే దూరంలో ఉన్నా అవీ 'మాస్క్' అనే రాశాయి. అక్కడ కారణం వేరు. నఖాబ్ అంటే ఆడవాళ్లది. మగవాళ్లంతా నఖాబ్ వేసుకుని బయటికి రావాలని ఎలా రాస్తారు?

జనం మాత్రం ఈ తర్కాలేమీ పెట్టుకోలేదు. తెలంగాణలో దస్తీ కట్టుకున్నారు. ఆంధ్రాలో జేబురుమాలు కట్టుకున్నారు. రైతులు తువ్వాలు చుట్టుకున్నారు, ఆడవాళ్లు కొంగో చున్నీయో అడ్డం పెట్టుకున్నారు. దస్తీ ఎక్కడినుంచి వచ్చిందో దాన్ని వాడేవాడు అడగడు. అది సాయిబుల మాట అని ఎవరూ దూరం పెట్టలేదు.

పేరు దగ్గర మొదలైన ఈ తేడా పేరు దగ్గరే ఆగిపోతే దీన్ని గురించి ఇంత రాయనక్కర్లేదు. డాక్టరు చెబితే మాస్కు, విశ్వాసం చెబితే ముసుగు, దొంగ వేసుకుంటే కూడా అదే ముసుగు. గుడ్డ మారలేదు. దాని వెనక ఉన్న మనిషిని చూసే కన్ను మారింది. ముఖం కప్పుకొమ్మని గాని, విప్పమని గాని ఒక మనిషికి ఆజ్ఞ ఇచ్చే హక్కు ఎవరికి ఉంది? ఏ కారణం చెప్పి ఇవ్వాలి? మహమ్మారి ఈ ప్రశ్నను అందరి ముందూ పెట్టింది. మాకు మాత్రం ఇది కొత్త ప్రశ్న కాదు.

ఆజ్ఞ సంగతి ముందు చూద్దాం. 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో బహిరంగ స్థలాల్లో ముఖం కప్పుకోవడం తప్పనిసరి అయింది. అది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద వచ్చిన ఆజ్ఞ. రాష్ట్రాలు అప్పటికే ఇంకో పాత చట్టాన్ని బయటికి తీసి దుమ్ము దులిపాయి. అది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి, పూనాల్లో ప్లేగు చెలరేగినప్పుడు తెల్లదొరలు చేసిన చట్టం. ఆ ఏడాది పూనాలో ప్లేగు అధికారి రాండ్ కింద గోరా సిపాయిలు రోగుల కోసం ఇళ్లు సోదా చేశారు. ఆడవాళ్ల గదుల్లోకి కూడా దూరారు. పర్దా పాటించే ఇళ్లు అప్పట్లో రెండు మతాల్లోనూ ఉండేవి. జూన్ 22న చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు. రోగం పేరు చెప్పి ముఖం విప్పించడానికి ఇంట్లోకి వచ్చిన అధికారం, 123 ఏళ్ల తర్వాత అదే రోగం పేరు చెప్పి ముఖం కప్పుకొమ్మంటూ వీధిలోకి వచ్చింది. హైదరాబాదులో అంటురోగాల ఆసుపత్రిని జనం ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అనే మాట నలిగి నలిగి కోరంటి అయింది. దొరల మాటల్నీ చట్టాల్నీ జీర్ణం చేసుకోవడంలో మా ఊరిది పెద్ద పొట్టే.

మాస్కులు తప్పనిసరి అయిన కొత్తలో మా బస్తీల్లో ఒక రకమైన సంతోషం కనబడింది. ఫోన్లలో తిరిగిన కబుర్లన్నిటికీ తాత్పర్యం ఒకటే: 'నిన్నటిదాకా మా ఆడవాళ్ల నఖాబును చూసి నవ్వారు కదా, అల్లా ఇప్పుడు దునియా అంతటికీ నఖాబు కట్టించాడు.' అవమానాలు పడ్డవాళ్లకు ఆ మాటలో కొంత ఊరట ఉంది. కాదనం. ముఖ్యంగా ఫ్రాన్సు సంగతి తలచుకుంటే.

ఫ్రాన్సులో 2010లో చేసి 2011 ఏప్రిల్ 11 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం బహిరంగ స్థలాల్లో ముఖం కప్పుకోవడాన్ని నిషేధించింది. జరిమానా 150 యూరోల వరకూ. చట్టంలో ఎక్కడా బురఖా అని గాని ముస్లిం అని గాని రాయలేదు. కాని మినహాయింపులు చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. ఆరోగ్యం కోసం కప్పుకోవచ్చు. ఆటల కోసం కప్పుకోవచ్చు. పండగల కోసం, కళా ప్రదర్శనల కోసం కప్పుకోవచ్చు. ఇన్నీ తీసేశాక మిగిలింది ఎవరో వేరే చెప్పాలా? అదే ఫ్రాన్సు 2020 మే 11 నుంచి మెట్రోల్లో, బస్సుల్లో మాస్కు లేనివాళ్లకు 135 యూరోల జరిమానా పెట్టింది. పాత చట్టం అలాగే ఉంది. అంటే ఒకే రైలు పెట్టెలో ముఖం విప్పుకున్న మనిషికీ జరిమానా పడవచ్చు, దేవుడి పేరున కప్పుకున్న మనిషికీ జరిమానా పడవచ్చు.

ఈ చట్టాన్ని 2014లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు సమర్థించింది. భద్రత అనే వాదన ఆ కోర్టు ముందు నిలబడలేదు. ఆడవాళ్ల సమానత్వం అనే వాదనా నిలబడలేదు. నిలబడింది ఒక్కటే: ముఖాలు కనబడితేనే మనుషులు కలిసి బతకగలరు అన్నది. 2018లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ దీనికి విరుద్ధంగా, ఫ్రాన్సు ఇద్దరు స్త్రీల హక్కులను ఉల్లంఘించిందని తేల్చింది గాని ఆ చట్టం చెక్కు చెదరలేదు. తర్వాత రెండేళ్లకు వచ్చిన మహమ్మారి కోర్టులో ఎవరూ పెట్టలేని సాక్ష్యం పెట్టింది. ఫ్రాన్సు జనం ముఖాలు సగం కప్పుకుని రొట్టెలు అమ్మారు, కొన్నారు, పిల్లలకు పాఠాలు చెప్పారు, రోగులకు సేవ చేశారు. కలిసి బతకడం కోసమే కప్పుకున్నారు. ముఖం కనబడనంత మాత్రాన సమాజం కూలిపోలేదు.

ఇంతవరకూ మా వాళ్ల సంతోషం న్యాయమే. అయినా ఆ సంతోషం మీద ఎక్కువ దూరం నడవలేం. మాస్కూ నఖాబూ ఒకటి కావు. రెంటినీ ఒకటి చేసి గెలిచామనుకుంటే రేపు అవతలివాడు అదే తర్కాన్ని తిప్పి కొడతాడు. 'మాస్కు కట్టించే హక్కు ప్రభుత్వానికి ఉందని ఒప్పుకున్నారు కదా, అయితే నఖాబు తీయించే హక్కూ ఉన్నట్టే' అంటాడు. అప్పుడేం చెబుతాం?

దీనికి జవాబు మా ఇళ్లలోనే ఉంది. మా పెద్దలు పిల్లలకు చెప్పే పాఠాల్లో ఒక పాత విభజన ఉంది. హుఖూఖుల్లాహ్, హుఖూఖుల్ ఇబాద్. ఒకటి మనిషి అల్లాకు బాకీ ఉన్నది. రెండోది మనిషి సాటి మనుషులకు బాకీ ఉన్నది. నమాజు, రోజా మొదటి కోవలోకి వస్తాయి. అప్పు తీర్చడం, తూకం సరిగ్గా తూచడం, పొరుగువాడికి మన వల్ల కీడు జరగకుండా చూసుకోవడం రెండో కోవ. మొదటిదాంట్లో లోపం జరిగితే అల్లా దయ తలచి క్షమించవచ్చు. రెండోదాంట్లో ఆ నష్టపోయిన మనిషి క్షమించాలి. అతను క్షమించకుండా అల్లా ముందు మోకరిల్లినా లాభం లేదని మాకు చిన్నప్పుడే భయపెట్టి మరీ చెప్పారు.

మాస్కు ఏ కోవలోది? మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు నోటినుంచి వచ్చే తుంపర్లను అది ఆపుతుంది. గుడ్డ మాస్కు కట్టుకున్నవాడి కంటే ఎదుటివాడికే ఎక్కువ మేలు. రోగం ఉన్నట్టు తనకే తెలియనివాడు కూడా నలుగురికి అంటించగలడు గనకే అందరినీ కట్టుకొమ్మన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అక్కర్లేదని చెప్పి, 2020 జూన్ 5న మాట మార్చుకుంది నిజమే. తెలిసినకొద్దీ మాట మారుతుంది. కాని కారణం మాత్రం చెప్పగలిగిన కారణం. హిందువుకీ ముస్లిముకీ, నమ్మేవాడికీ నమ్మనివాడికీ ఒకే భాషలో విప్పి చెప్పగలిగింది. రోగం పోతే తీసేయవచ్చు. ఇది హుఖూఖుల్ ఇబాద్. ఇక్కడ ప్రభుత్వం రావచ్చు. తూకం రాళ్లు తనిఖీ చేయడానికి వచ్చినట్టే రావచ్చు.

ఒక స్త్రీ తన విశ్వాసం కొద్దీ వేసుకునే నఖాబు ఆమెకూ ఆమె దేవుడికీ మధ్య సంగతి. ఫర్జా కాదా అనే చర్చ ఉలేమాల మధ్య వందల ఏళ్లుగా ఉంది. ముఖం కప్పనక్కర్లేదన్న పెద్దలు చాలామంది ఉన్నారు. ఆ చర్చలో జడ్జీలకూ హోంమంత్రులకూ చోటు లేదు. పాస్‌పోర్టు దగ్గరో, బ్యాంకులోనో, ఓటు వేసేచోటో మనిషిని గుర్తుపట్టడానికి ముఖం చూపమంటే అది వేరు. అక్కడ కారణం ఉంది, క్షణం సేపటి పని, ఒక మహిళా సిబ్బందిని పెడితే తీరిపోయేది. మా ఆడవాళ్లు దాన్ని ఏనాడూ కాదనలేదు.

ఇదే కొలతతో మా వాళ్లనీ కొలవాలి. మాస్కు లేకుండా గల్లీల్లో తిరుగుతూ 'మాకు తవక్కుల్ ఉంది, మౌత్ రాసి ఉంటే వస్తుంది' అన్నవాళ్లను చూశాం. హజ్రత్ ఉమర్ ఖలీఫాగా సిరియాకు బయల్దేరి, దారిలో సర్గ్ అనే చోట అక్కడ ప్లేగు ఉందని విని వెనక్కి మళ్లారు. అల్లా రాసిన రాత నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా నిలదీస్తే, ఒక రాత నుంచి ఇంకో రాతలోకి వెళ్తున్నామని జవాబిచ్చారు. ఈ కథ తెలియని మౌల్వీ ఉండడు. తన ప్రాణం మీద తవక్కుల్ పెట్టుకునే హక్కు ఎవరికైనా ఉంది. పక్కింటి ముసలాయన ఊపిరితిత్తుల మీద పెట్టుకునే హక్కు లేదు. ఈ మాట ఆ రోజుల్లో గట్టిగా చెప్పిన ఇమాములూ ఉన్నారు. మసీదుల్లో జమాతులు ఆపి, రంజాన్ తరావీహ్ ఇళ్లలో చదువుకొమ్మని చెప్పడం వాళ్లకు చిన్న విషయం కాదు.

ఇక న్యాయమైన ఆజ్ఞ అన్యాయమైన చేతుల్లో పడితే ఏమవుతుందో చూడాలి. మాస్కు నియమం మంచిదే అన్నంత మాత్రాన దాన్ని అమలుచేసిన లాఠీ మంచిది కాదు. సెక్యులర్ మిత్రులు చాలామంది ఇక్కడే ఆగిపోయారు. విజ్ఞానశాస్త్రం పక్షాన నిలబడటం అంటే పోలీసు పక్షాన నిలబడటం అన్నట్టు మాట్లాడారు.

2020 జులైలో చీరాలలో ఒక దళిత యువకుడిని మాస్కు లేదని పోలీసులు ఆపారు. కొట్టారని కుటుంబం చెప్పింది. తలకు దెబ్బలతో అతను చనిపోయాడు. ఎస్సైని సస్పెండ్ చేశారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. మాస్కు ఎందుకు? ప్రాణం కాపాడటానికి. ఆ ప్రాణమే పోయాక ఆ నియమం ఎవరికోసం అమలైనట్టు?

అంతకు మూడు నెలల ముందు నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు డాక్టరు, ఆయనా దళితుడే, డాక్టర్లకు సరిపడా మాస్కులు ఇవ్వడం లేదని బహిరంగంగా అన్నారు. ఏప్రిల్‌లో సస్పెండ్ అయ్యారు. మే 16న విశాఖపట్నంలో ఆయన్ను చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టి, నడిరోడ్డు మీద పడేసిన దృశ్యం దేశమంతా చూసింది. అక్కణ్నించి మానసిక ఆసుపత్రికి పంపారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో, ఆ డాక్టరు గుండెపోటుతో పోయారు. మాస్కు లేదన్న డాక్టరుకూ శిక్షే, మాస్కు లేని యువకుడికీ శిక్షే. ఒకే రాష్ట్రంలో, ఒకే ఏడాదిలో. రెండు చోట్లా దెబ్బ తిన్నది ఏ కులమో చూడండి.

తెలంగాణలో 2021 ఏప్రిల్ 11న మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని ఉత్తర్వు వచ్చింది. మూడు రోజులు గడిచాయో లేదో, 14న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక కోసం హాలియాలో ముఖ్యమంత్రి భారీ బహిరంగ సభ జరిగింది. 19న ముఖ్యమంత్రికే కరోనా వచ్చిందన్న వార్త రాశాం. అదే నెలలో హరిద్వార్‌లో కుంభమేళా, బెంగాల్‌లో ఎన్నికల సభలు. బండి మీద అరటిపళ్లు అమ్ముకునేవాడికి వెయ్యి రూపాయలంటే ఎన్ని రోజుల సంపాదనో ఆ ఉత్తర్వు రాసిన కలానికి తెలియదనుకోం.

పళ్లబండి అంటే గుర్తొచ్చింది. మాస్కు కట్టుకుంటే మనుషులంతా ఒకేలా కనబడతారు, కులమతాలు కనబడవు అని ఆ రోజుల్లో కొందరు కవితలు కూడా రాశారు. మాకు ఆ భాగ్యం దక్కలేదు. 2020 మార్చి చివర నిజాముద్దీన్ మర్కజ్ వార్త బయటపడింది. మార్చి 30న తెలంగాణలో ఆరుగురు చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది, వాళ్లంతా మర్కజ్‌కు వెళ్లి వచ్చినవాళ్లే. ఆ సభ జరగడంలో, జనం అక్కడే ఉండిపోవడంలో పొరపాట్లు లేవని మేము అనడంలేదు. కాని మర్నాటినుంచి రోగానికి మతం వచ్చింది. వైరస్‌కు జిహాద్ అనే ఇంటిపేరు తగిలించారు. పళ్లకు ఉమ్మి పూస్తున్నారని ఎప్పటివో వీడియోలు తిప్పారు. బండివాడి ముఖానికి మాస్కు ఉంది. నెత్తిన టోపీ కూడా ఉంది. టోపీ లేకపోతే పేరు అడిగారు. మాస్కు ముక్కునూ నోటినీ దాచగలదు గాని పేరును దాచలేదు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారని తప్పుపట్టింది. ఆ తీర్పుకు మన పత్రికల్లో దొరికిన చోటెంతో, ఏప్రిల్‌లో ఆరోపణలకు దొరికిన చోటెంతో పాత సంచికలు తీసి కొలుచుకోవచ్చు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లుగా మేమే ఈ మాట చెప్పాలి.

ముఖం మీద ప్రభుత్వానికి ఉన్న ఆసక్తి మాస్కు దగ్గర మొదలు కాలేదు, మాస్కు దగ్గర ఆగలేదు. దీనికి పాతబస్తీ కంటే మంచి ఉదాహరణ లేదు. 2020 మేలో హైదరాబాద్, సైబరాబాద్, రాచకొండ కమిషనరేట్లలో మాస్కు లేనివాళ్లను సీసీ కెమెరాలే కనిపెట్టే ఏర్పాటు చేశారు. దేశంలో ఇదే మొదటిది అని గొప్పగా ప్రకటించారు. మంచిదే అనుకుందాం. సరిగ్గా ఏడాదికి, 2021 మేలో, రెండో లాక్‌డౌన్ సమయంలో, పాతబస్తీలో బండి మీద పోతున్న ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపారు. మాస్కు తీయమన్నారు. ఫొటో తీసుకోవాలట. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆయన తీయనన్నారు. మాస్కుతోనే ఫొటో తీసుకున్నారు. ముఖాలను గుర్తుపట్టే ఆ యంత్రాంగాన్నే ప్రశ్నిస్తూ ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

ఒకే నగరం, ఒకే పోలీసు. ఒక పోలీసు ముఖం కప్పుకోలేదని ఆపుతాడు, ఇంకో పోలీసు కప్పుకున్నదాన్ని విప్పమని ఆపుతాడు. మొదటిదానికి రోగం కారణం. రెండోదానికి కారణమే లేదు, అనుమానం ఉంది. ఆ అనుమానం మా బస్తీలకు కొత్తది కాదు. రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను 'ఆపరేషన్ చబుత్రా' అని పట్టుకుపోవడం, కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవారకముందే గల్లీని చుట్టుముట్టి ఆధార్ కార్డులు అడగడం మహమ్మారికి ముందే ఉన్నాయి. బంజారాహిల్స్‌లో అరుగులు లేవు గనక అక్కడ ఈ ఆపరేషన్ అవసరం రాలేదేమో.

మా చేతిలో ఉన్న కొలత ఇక్కడా పనిచేస్తుంది. ఆజ్ఞ ఇచ్చేవాడు ఆ ఆజ్ఞ పడే మనిషి కళ్లలోకి చూసి కారణం చెప్పగలడా? ఆ కారణం సాటి మనిషికి జరిగే కీడు గురించేనా? అందరి మీదా ఒకేలా పడుతుందా? మాస్కు నియమం మొదటి రెంటికీ నిలిచింది, మూడోదాని దగ్గర పడిపోయింది. ఫొటో కోసం మాస్కు తీయించడం మొదటిదాని దగ్గరే పడిపోయింది.

2022 ఫిబ్రవరిలో కర్ణాటక. అంతకుముందు డిసెంబరులో ఉడుపి కాలేజీలో మొదలైన హిజాబ్ గొడవ రాష్ట్రమంతా పాకింది. ఫిబ్రవరి 5న ప్రభుత్వం యూనిఫారం ఉత్తర్వు ఇచ్చింది. హిజాబ్ ముఖాన్ని కప్పదు, జుట్టును కప్పుతుంది. ఈ తేడా కూడా తెలియకుండా టీవీల్లో గంటలకొద్దీ వాదించిన పెద్దలున్నారు. కరోనా మూడో విడత అప్పటికింకా పూర్తిగా పోలేదు. గేటు దగ్గర ఆడపిల్లలు మాస్కులతోనే నిలబడ్డారు. ముఖాన్ని దాచే గుడ్డకు అభ్యంతరం లేదు. తలమీది గుడ్డ తీసి లోపలికి రమ్మన్నారు. ముఖం కనబడకపోవడమే ఇబ్బంది అని ఇన్నేళ్లూ మాకు చెప్పిన వాదం ఆ గేటు దగ్గర అబద్ధమైపోయింది. మార్చి 15న హైకోర్టు ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు తీర్పులు ఇచ్చి పెద్ద బెంచికి వదిలారు. జస్టిస్ ధూలియా తీర్పులో ఆడపిల్ల చదువు ముందుకొచ్చింది. ఆ పిల్ల బడికి రావడం ముఖ్యమా, తలమీది గుడ్డ ముఖ్యమా అన్న ప్రశ్న ప్రభుత్వానికే తిరిగి తగిలింది.

ఇక్కడ 'మేము' అనే మాటను కాస్సేపు పక్కన పెట్టి సాటి ముస్లింలతో 'మనం' అని మాట్లాడాలి. ఇది ఇంట్లో మాట. లౌకిక మిత్రులు వింటే వినవచ్చు.

ప్రభుత్వానికి పెట్టిన కొలతను మన గడపకు పెట్టుకుందామా? ఆమె తనంతట తాను వేసుకున్న నఖాబు హుఖూఖుల్లాహ్. సరే. మొగుడు వేయించింది ఏ కోవ? అత్త వేయించింది? 'బస్తీలో నలుగురూ ఏమనుకుంటారు' అన్న భయం వేయించింది? ఒక మనిషి ఊపిరి మీద, నడక మీద, చదువు మీద ఇంకో మనిషి పెట్టిన ఆజ్ఞ అది. అది దేవుడి బాకీ కాదు, ఆమెకు మనం పడ్డ బాకీ. ఆమె క్షమిస్తేనే తీరేది. 'అది వాళ్ల ఇష్టం' అని కోర్టుల్లో వాదించే మగవాళ్లం, ఇష్టం లేదన్న ఆడపిల్లకు ఇంట్లో ఏం చెబుతున్నాం?

ఈ ప్రశ్న కోర్టులకంటే ముందు మన ఆడవాళ్లే అడిగారు. షాజహానా తన కవితల పుస్తకానికి 'నఖాబ్' అనే పేరు పెట్టింది ఊరికే కాదు. ఆమెను అప్పట్లో మెచ్చుకున్నవాళ్లలో బయటివాళ్లే ఎక్కువ అన్నది మనం ఒప్పుకోక తప్పదు. ఇక మన పల్లెల్లో దూదేకుల ఆడవాళ్లూ, కూలికి పోయే సాయిబుల ఆడవాళ్లూ ఏనాడు ముఖం కప్పుకున్నారు? కొంగు నెత్తిన వేసుకుని మిగతా ఆడకూలీలతో కలిసి నాట్లు వేశారు, కలుపు తీశారు, పత్తి ఏరారు. వాళ్ల ఈమాన్‌కు ఏమైనా లోటు వచ్చిందా? కాస్త డబ్బు చేరి పట్నం వచ్చాకే ముఖానికి గుడ్డ వచ్చింది. ఒకప్పుడు హైదరాబాదులో షరీఫుల ఇంటి ఆడవాళ్లు రిక్షాకు పర్దా కట్టించుకుని వెళ్లేవాళ్లు, ఆ రిక్షా తొక్కేవాడి పెళ్లాం ముఖం విప్పుకుని నాలుగిళ్లలో గిన్నెలు తోమేది. పర్దాకు దీన్‌తో ఎంత సంబంధమో అంతస్తుతోనూ అంతే.

మక్కాలో ఇహ్రాం కట్టిన స్త్రీ నఖాబు వేసుకోకూడదన్నది అందరికీ తెలిసిన హదీసు. 2020 హజ్‌కు, సౌదీలో ఉన్నవాళ్లనే ఒక వెయ్యి మంది దాకా రానిచ్చినప్పుడు, ఆడా మగా అందరికీ మాస్కులు కట్టించారు. అవసరం వస్తే నిషేధం సడలుతుందన్న ఫిఖహ్ సూత్రం అందుకు సరిపోయింది. కాబా ముందు ఒక సాధారణ ఏడాదిలో ముఖం విప్పుకుని తిరగగలిగిన ఆడమనిషి మన గల్లీలో ఎందుకు తిరగకూడదో, రోగం కోసం సూత్రం సడలించగలిగిన పెద్దలు ఆమె ఊపిరి కోసం, ఆమె ఉద్యోగం కోసం ఎందుకు సడలించలేరో అడిగితే కోపాలు వస్తాయి. రానీ.

మాస్కుల రెండేళ్లలో మన మగవాళ్లకు ఒక అనుభవం దక్కింది. ఎండాకాలం గుడ్డ కింద చెమట, కళ్లద్దాల మీద ఆవిరి, మెట్లెక్కితే చాలని ఊపిరి, రెండుసార్లు చెబితే గాని అవతలివాడికి వినబడని గొంతు, ఎదురుపడ్డ స్నేహితుడు గుర్తుపట్టక పక్కనుంచి వెళ్లిపోవడం. ఇళ్లకు వచ్చి విసుక్కుని గుడ్డ తీసి విసిరేసినప్పుడు ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారని మాకు తెలిసిన చాలామంది చెప్పారు. నఖాబు వేసుకునే కొందరు స్త్రీలు ఇంకోమాట కూడా చెప్పారు. ఆ రెండేళ్లూ బస్సులో, బజారులో తమను వింతగా చూసే చూపులు లేవట, హాయిగా ఉందట. ఆ మాటా వినాలి, ఆ నవ్వూ వినాలి. ఒకదాన్ని బయట వాదించడానికి వాడుకుని రెండోదాన్ని ఇంట్లో నొక్కేయడం ఇన్నాళ్లూ మనం చేస్తున్న పని.

విపత్తు నిర్వహణ చట్టం కింద ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిశాయి. మగవాళ్లు మాస్కులు తీసేశారు. దస్తీ మళ్లీ చెమట తుడుచుకోవడానికి జేబులోకి వెళ్లింది. పాతబస్తీలో కెమెరాలు మాత్రం స్తంభాల మీదే ఉన్నాయి. వాటి కింద నుంచి మన ఇంటి ఆడపిల్లలు కాలేజీకి పోతున్నారు, కొందరు నఖాబుతో, కొందరు హిజాబుతో, కొందరు రెండూ లేకుండా. ఎవరు ఎందుకు అలా పోతున్నారో వాళ్లను అడగడానికి పోలీసూ వెళ్లనక్కర్లేదు, పత్రికవాళ్లమూ వెళ్లనక్కర్లేదు. సాయంత్రం వాళ్లు ఇంటికి వచ్చాక నాన్నో అన్నో, జవాబు ఏదైనా సరే కోప్పడకుండా వినే ఓపికతో, ఒకసారి అడగవచ్చు.